సూది గుచ్చని చెయ్యి

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. గూడూరు అడవి మీద మబ్బు తడిగొంగడి ఆరేసినట్టు వేలాడుతోంది. వాన పడదు, పొద్దు పొడవదు. పత్తి ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు ఒడిగట్టుకుని గట్టు మీదే నిలబడి పైకి చూస్తున్నారు. ఏరితే కుప్ప తడుస్తుంది, ఏరకపోతే చెట్టు మీదే నానుతుంది. ఆకు కూడా కదలడం లేదు.

వాళ్ల పక్కనుంచి చంద్రమ్మ స్కూటీ తండా దారి పట్టింది. ఎప్పుడూ ఆగి నాలుగు మాటలు మాట్లాడేది. ఇవ్వాళ ఆగలేదు.

చంద్రమ్మ ఆశ కార్యకర్త. పదిహేనేండ్లుగా ఈ తండాలో ఎవరి నెల తప్పినా మొగునికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. భద్రు చిన్న కోడలు నీలికి పెండ్లయిన మూడేండ్లకు నెల తప్పిన సంగతి కూడా అట్లనే తెలిసింది. పదిహేను రోజులు దాటాక కుడి పక్క పొత్తికడుపులో నొప్పి మొదలైంది. చీరకు ఎరుపు తగిలింది. సోమవారం గూడూరు ల్యాబులో నెత్తురు తీయించింది చంద్రమ్మ. కడుపుతో ఉన్నవాళ్ల నెత్తురులో పుట్టే బీటా అనే హార్మోను లెక్క పదకొండు వందల ఎనభై వచ్చింది. మంగళవారం మానుకోట పెద్ద దవాఖానలో ప్రియ డాక్టరమ్మ స్కానింగ్ చేసి, గర్భసంచి ఖాళీగా ఉందన్నది. మరీ తొలి రోజులు కాబట్టి కనబడకపోయి ఉండొచ్చు, లేదంటే పిండం సంచి బయట ఆగి ఉండొచ్చు. రెండింటిలో ఏదో ఒక్క అంకెతో తెలియదు. అందుకే బుధవారం అదే ల్యాబులో మళ్లీ నెత్తురు ఇయ్యమని చెప్పి పంపింది.

బుధవారం చంద్రమ్మకు మానుకోటలో మీటింగు పడింది. నీలి వెంట పోలేకపోయింది. గురువారం సాయంత్రం భద్రు ల్యాబు నుంచి తెచ్చిన కాగితం ఫొటో ఆమె ఫోనుకు చేరింది. ముప్పై ఎనిమిది వేల రెండు వందలు. కింద నీలి పేరు. పైన కేసముద్రం ల్యాబు పేరు.

అప్పటినుంచి చంద్రమ్మకు ముద్ద దిగలేదు.

ఇంటి ముందర భద్రు పత్తి నింపిన బోరెం సంచి మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. ఆమెను చూసి పండ్లన్నీ బయటపెట్టాడు.

"రా చంద్రమ్మా, రా. క్వింటాల్ పత్తి తీస్కపోతే ఏడు వేలు గూడ పలుకుత లేదు. మా చిన్న కోడలు చూడు, ముప్పై ఎనిమిది వేలు పలికింది! ఒక్కడా, ఇద్దరా లోపల? గంపెడున్నరా?"

"భద్రన్నా, నీలి ఏది?"

"లోపలున్నది. పండుకున్నది. జర బెల్లం నోట్లేస్కో ముందుగల."

మంగ్లి గడప దాటి వచ్చింది. భద్రు భార్య. చేతిలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో బెల్లం ముక్కలు. రెండిండ్లకు అప్పటికే పంచి వచ్చినట్టుంది, పళ్లెం సగం ఖాళీ అయింది. నవ్వు ముఖమంతా ఉంది గానీ కండ్ల దాకా పోలేదు. చంద్రమ్మ దాన్ని చూసింది.

"పంచుడు ఆపు మంగ్లక్కా."

"ఎందుకట్ల? పెరగాలె అన్నరు, పెరిగింది. నీ నోటితోనే గదా అన్నవు, రెండు రోజులకు సగమన్న పెరగాలెనని. సగం కాదు, గింత పెరిగింది. నీకు కుళ్లయితుందా ఏంది?"

"గూడూరుకు పొమ్మంటే కేసముద్రం ఎందుకు పోయిండ్రు?"

"మా ఆయన పత్తి తీస్కపోతుండె. ఒక్క బండిల పోయినం. గక్కడ గూడ మిషనే ఉన్నది, గిక్కడ గూడ మిషనే ఉన్నది." పళ్లెం అరుగు మీద పెట్టింది మంగ్లి. "మిషన్‌కొక్క తీరు అంకె వస్తదట. ల్యాబాయన్నే చెప్పిండు."

చంద్రమ్మ ఫోను తీసింది. గూడూరు ల్యాబు దేవేందర్‌కు కలిపి, అందరికీ వినబడేటట్టు పెట్టింది. దేవేందర్ అయిదూర్ల నెత్తురు పరీక్షించిన మనిషి. ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు.

"తమ్మీ, మొన్న నీ దగ్గర పదకొండు వందల ఎనభై వచ్చిన నీలికి, రెండు రోజులకు ఇంకో ల్యాబుల ముప్పై ఎనిమిది వేలొచ్చింది. మిషన్ తేడానా?"

అవతల రిజిస్టరు పేజీలు తిప్పిన చప్పుడు వినబడింది.

"అక్కా, మిషన్‌కు మిషన్‌కు వందకు పదో ఇరవయ్యో తేడా వస్తది. గింత రాదు."

"మరి ఎట్లొచ్చింది?"

"మంచి కడుపైనా రెండు రోజులల్ల రెండింతలైతది. మస్తు అనుకుంటే ఇంకింత. ముప్పై ఇంతలు ఏ తల్లికీ పెరగది. ఆ అంకె మూడో నెలల ఉన్నోళ్లది. ఆ నెత్తురు ఆ పిల్లది కాదక్కా."

ఫోను పెట్టేశాడు. భద్రు చుట్ట నోట్లోనే ఆరిపోయింది.

అప్పుడే పెద్ద కోడలు సౌందర్య చాయ్ గ్లాసులు తెచ్చింది. ఆమెకు మూడో నెల. వాంతులతో నెలన్నర నుంచి నీరసంగా ఉంది, అయినా పని వదలదు. గ్లాసు అందించేటప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. మోచేతి మడతలో ఉల్లిపొర అంత నల్లమచ్చ. నడుమ సూది గుచ్చిన ఎర్రని చుక్క.

చంద్రమ్మ గ్లాసు అందుకోలేదు. ఆ చేతినే పట్టుకుంది.

"గిదేంది బిడ్డా?"

సౌందర్య చెయ్యి లాక్కోలేదు. అత్త దిక్కు చూసింది. వాళ్ల భాషలో మంగ్లి ఏదో గట్టిగా అన్నది. ఇన్నేండ్ల తిరుగుడుకు చంద్రమ్మకు ఆ భాష సగం వచ్చు. నోరు తెరవకు అని.

చంద్రమ్మ ఇంట్లోకి పోయింది. నీలి గోడవార మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ఆశక్కా" అని లేవబోయి మళ్లీ కుడి పక్కకు ఒరిగింది. చంద్రమ్మ పక్కన కూర్చుని రెండు చేతులూ తిప్పి చూసింది. ఎడమ చేతి మీద సోమవారం నాటి మచ్చ పచ్చబారి మాయమవుతోంది. కుడి చెయ్యి కడిగిన పలకలా ఉంది.

"బుధవారం నీకు సూదేసిండ్రా?"

నీలి కండ్లు మూసుకుంది.

"నేను బయట చింతచెట్టు కింద కూసున్న అక్కా. సౌందర్యక్క లోపలికి పోయింది. నా ఆధార్ కార్డు అక్క చేతుల ఉండె. బాపు మార్కెట్ల కాంటా కాడ ఉండె, ఆయనకు తెల్వది."

గడపలో నిలబడిన భద్రు భార్య దిక్కు తిరిగాడు. అరవలేదు. ముప్పై ఏండ్ల కాపురంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఏం చేసినవే?"

మంగ్లి అప్పటిదాకా గోడలా ఉంది. ఆ మాటకు కదిలింది.

"ఏం చేసిన? కడుపు కాపాడిన. అంతే చేసిన. సోమారం గూడూర్ల నెత్తురు తీస్తే ఈ పిల్ల దబ్బున కింద పడ్డది. కండ్లు తేలేసింది. నేను చూసిన, ఈయన చూడలె. నెత్తురు ఎనిమిదే ఉందని నువ్వే చెప్పినవు చంద్రమ్మా. పన్నెండుండాలె, ఎనిమిదే ఉంది, ఒక్క చుక్క గూడ పోగొట్టుకోవద్దన్నవు. అన్నవా, లేదా?"

"అన్న."

"ఎనిమిదిల నుంచి మళ్ల తీస్తే ఏం మిగులుతది? ఏడు. ఆ మూడో నాడు మళ్ల తీస్తరు, ఆరు. ఆ పిల్ల నెత్తురు తాగి బతకాల్సిన పిండం ఏం తాగాలె? సంచి ఖాళీగున్నది, అంకె తక్కువొస్తే కడుపు తీసేయాల్సొస్తదని డాక్టరమ్మ అన్నది. మూడేండ్లకు నిలిచింది. మంది నన్ను ఏమేం అన్నరో నీకు తెల్వదా? గొడ్డుదాన్ని తెచ్చుకున్నవు, ఇంకోదాన్ని తెచ్చుకో అన్నరు. నేను తేలె. ఈ పిల్లనే కండ్లల్ల పెట్టుకున్న."

"అందుకని..."

"అందుకని పెద్దదాన్ని పంపిన. దాని నెత్తురు పదకొండుంది. ఇద్దరూ నా కోడండ్లే, ఇద్దరూ కడుపుతోటే ఉన్నరు. కడుపుతోటున్న నెత్తురు అయితే చాలు గదా అనుకున్న. కాగితం మంచిగొస్తే డాక్టరమ్మ ఊకుంటది అనుకున్న."

చంద్రమ్మకు కోపం రావాలి. అరికాలినుంచి మొదలైంది గానీ మోకాలు దాటలేదు. ఒక్క చుక్క పోగొట్టుకోవద్దన్నది తనే. మీటింగు కాగితం చూసి చదివి, బీట్‌రూట్ తినమని, మాత్రలు మింగమని చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వచ్చింది. పరీక్షకు తీసే నెత్తురు చెంచాడేనని, అది ఎనిమిదిని ఏడు చెయ్యదని ఎన్నడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మంగ్లి ముందర నేల మీద కూర్చుంది చంద్రమ్మ.

"మంగ్లక్కా, నీకు ఎవుసం తెలుసు. గింజ మడిల పడాలె. మడిల పడ్డ గింజ జోరుగ పెరుగుతది. గా పెరుగుడే ఈ అంకె. గింజ మడి దాకా పోక గట్టుల ఇరుక్కొని మొలిస్తే ఏమైతది?"

భద్రు అన్నాడు, మెల్లగా.

"గట్టు పగులుతది."

"మొలక గూడ బతకది. గట్టు పగిలితే మడిల నీళ్లన్ని పోతయి. సంచికి పోయే నాళం సన్నగ ఉంటది, ఎండుమిరప తొడిమె లెక్క. అండ్ల పిండం ఇరుక్కుంటే అంకె మెల్లగ పెరుగుతది, నడుమల ఆగుతది. గది పసిగట్టెటందుకే రెండోసారి నెత్తురు. ముందుగాల తెలిస్తే సూదిమందుతోని కరుగుతది, పిల్ల లేచి ఇంటికొస్తది. ఆలస్యమైతే..."

ఆపేసింది. నీలి వింటోంది.

"రెండు రోజులు పోయినయి," అన్నాడు భద్రు.

"పోయినయి."

నీలి మంచం మీదనుంచి కాళ్లు కిందికి దించింది. "నేను నడుస్త, అక్కా" అని లేచి రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. గోడ పట్టుకుంది. చెయ్యి గోడ మీదుగా జారింది. సౌందర్య ఉరికి వచ్చి నడుము పట్టుకోకపోతే నేల మీద పడేది. ముఖం మీద చెమట చుక్కలు, ఒళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంది.

"పండుకోబెట్టుండ్రి. నీళ్లు తాపకుండ్రి. ఏం పెట్టకుండ్రి," అని చెబుతూనే చంద్రమ్మ నూట ఎనిమిదికి ఫోను కలిపింది. బండి గూడూరులోనే ఉంది. ఇరవై నిమిషాలకు తండా మలుపు దగ్గర కూత వినబడింది. ఆ కూత విని బెల్లం తిన్న ఇండ్లవాళ్లు గడపల్లోకి వచ్చారు.

సౌందర్య వంటింట్లోకి పోయి, పొద్దున చేసిన జొన్నరొట్టెలు, టమాట తొక్కు గుడ్డలో మూటగట్టుకుని బండెక్కింది. ఎందుకు కట్టుకుందో ఆమెకే తెలియదు. చేతులకు ఏదో ఒక పని కావాలి.

*

మానుకోట దవాఖానలో ప్రియ డాక్టరమ్మ నీలి కండ్ల రెప్పలు కిందికి లాగి చూసింది, నాడి పట్టింది, నెత్తురు తీయించింది. ఈసారి నీలి చేతినుంచే. సూది పడుతుంటే మంగ్లి తల తిప్పుకోలేదు. సీసాలోకి ఎక్కే ఎరుపునే చూస్తూ నిలబడింది. నిజంగానే చెంచాడు.

చంద్రమ్మ జరిగింది మొత్తం చెప్పింది. ఎవరి తప్పెంతో చెప్పలేదు. డాక్టరమ్మ విన్నది. భద్రు ఇచ్చిన కేసముద్రం కాగితాన్ని మడిచి నీలి ఫైలులో కాకుండా సౌందర్య చేతిలో పెట్టింది.

"ఇది నీది. నీ కడుపు మంచిగనే ఉన్నట్టుంది. నీ పేరు మీద మళ్లీ చేయించుకో."

సౌందర్య ఆ కాగితాన్ని కొంగులో దాచుకుంది, దొంగసొమ్ము దాచినట్టు.

అంకె రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో భద్రు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసే చిన్న కొడుకు, నీలి మొగుడు ప్రేమ్‌సింగ్‌కు మూడుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "బాపూ! మా మేస్త్రీకి గూడ లడ్డు తినిపించిన" అన్నాడు. భద్రు "బిడ్డా, బయలెల్లి రా" అని మాత్రం అన్నాడు. "ఎందుకు?" అంటే మళ్లీ అదే అన్నాడు.

డాక్టరమ్మ కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. భద్రుతో, మంగ్లితో కలిపే మాట్లాడింది.

"పదహారు వందల తొంభై. సోమవారం పదకొండు వందల ఎనభై ఉండె. నాలుగు రోజులల్ల తక్కువల తక్కువ రెండింతలు దాటాల్సింది. దాటలేదు. స్కానింగ్‌ల సంచి ఇప్పటికీ ఖాళీగనే ఉంది. కుడి నాళం పక్కన చిన్న గడ్డ లెక్క కనబడుతుంది."

"సూదిమందు..." అన్నది చంద్రమ్మ.

"బుధవారం వచ్చి ఉంటే అదే ఇచ్చేదాన్ని. ఇప్పుడు కడుపుల నెత్తురు చేరుతుంది. కొంచెమే. కొంచెం ఎంతసేపు కొంచెంగ ఉంటదో చెప్పలేను. ఆపరేషనే చెయ్యాలె. మత్తు డాక్టరు ఇంకో కేసుల ఉన్నడు, అరగంటల వస్తడు."

మంగ్లి పెదాలు కదిలాయి. "మళ్ల పిల్లలు..."

"ఎడమ పక్క నాళం ఉంది. దాని సంగతి తర్వాత మాట్లాడుదం. ముందుగాల ఆమె బతకాలె." ఆ మాట మెత్తగానే అన్నది గానీ, వరండాలో ఉన్న నలుగురికీ చెవిలో సూదిలా దిగింది. "నెత్తురు ఎనిమిది ఉండె గదా. ఇప్పుడు ఆరున్నర. రెండు బాటిళ్లు కావాలె. బ్లడ్ బ్యాంకుల ఆమె గ్రూపుది ఒక్కటే ఉందంటున్నరు. మీల ఎవరిది ఏ గ్రూపో చూపిచ్చుకోండ్రి. ఎవరిస్తరు?"

"నేనిస్త," అన్నది మంగ్లి.

భద్రు, చంద్రమ్మ కూడా ముందుకు వచ్చారు. సౌందర్య కూడా అడుగు వేసింది. డాక్టరమ్మ ఆమెను చేత్తోనే ఆపింది. "కడుపుతో ఉన్నోళ్లు ఇయ్యరు." తర్వాత మిగిలినవాళ్ల ముఖాలు చూసి అడిగింది. "పొద్దటినుంచి ఏమన్న తిన్నరా?"

ఎవరూ తినలేదు.

"ఖాళీ కడుపుతో నెత్తురిస్తే మీరూ పడిపోతరు. నాకు ఇంకో ముగ్గురు పేషెంట్లు వద్దు. తిని రాండ్రి. గబ్బున తినుండ్రి."

లోపలికి తీసుకుపోయేటప్పుడు నర్సు నీలి చేతి గాజులు, మెడలో పూసలు తీసి సౌందర్యకు ఇచ్చింది. స్ట్రెచర్ మీద నీలి అత్త దిక్కు తల తిప్పింది. మంగ్లి దగ్గరికి పోయి, కోడలి నుదుటి మీద చెయ్యి పెట్టి, వాళ్ల భాషలో ఏదో అడిగింది. చంద్రమ్మకు అర్థమైంది. నా మీద కోపమా అని. నీలి తల అడ్డంగా ఊపింది. తర్వాత కుడి భుజం పట్టుకుని, "భుజం గుంజుతుంది యాడీ" అన్నది, అత్తను అమ్మా అని పిలుస్తూ. నర్సు ఆ మాట విని డాక్టరమ్మ దిక్కు చూసింది. డాక్టరమ్మ స్ట్రెచర్ పట్టుకున్న ఆయనను "నడువు, నడువు" అన్నది. చక్రాలు చప్పుడు చేసుకుంటూ ఉరికాయి. తలుపు మూసుకుంది.

కడుపు నొస్తే భుజం ఎందుకు గుంజుతుందో భద్రుకు, మంగ్లికి తెలియదు. చంద్రమ్మకు తెలుసు. ట్రైనింగులో చెప్పారు. లోపల నెత్తురు పైదాకా ఎక్కినప్పుడే అట్లా గుంజుతుంది. ఆమె ఆ ఇద్దరికీ చెప్పలేదు. చెబితే ముద్ద దిగదు. దిగకపోతే నెత్తురు ఇయ్యలేరు.

వరండా చివర నేల మీద సౌందర్య గుడ్డ పరిచి మూట విప్పింది. రొట్టెలు అయిదు. తొక్కు కొంచెం. వచ్చేవాళ్ల లెక్కన కట్టింది, నీలిని కూడా కలిపి. రొట్టెలు విరిచి అందరి చేతుల్లో పెట్టి, ఒకటి గుడ్డలోనే ఉంచింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నలుగురూ మూసిన తలుపుకు ఎదురుగా కూర్చుని తిన్నారు. జొన్నరొట్టె గట్టిపడిపోయి గొంతులో అడ్డం పడుతోంది. మంగ్లి ఒక్కొక్క ముక్కను మందుగోలీలా నోట్లో వేసుకుని, నీళ్లు పోసుకుని, కండ్లు మూసుకుని మింగుతోంది. భద్రు నమలడం ఆపితే ఆమె తన మోచేత్తో పొడుస్తోంది. అతడు మళ్లీ నములుతున్నాడు. సౌందర్య ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో నీలి గాజులను గలగలమనకుండా గట్టిగా పట్టుకుంది. చంద్రమ్మ తొక్కు అద్దుకోవడం మరిచిపోయింది.

తలుపు తెరుచుకుంది. ఇందాకటి నర్సే. వీళ్లను పిలవడానికి వచ్చినట్టు నోరు తెరిచింది. నేల మీద కూర్చుని తింటున్న నలుగురినీ చూసింది. మంగ్లి చేతిలో ఉన్న రొట్టె ముక్కను చూసింది. తలుపు మళ్లీ దగ్గరికి వేసి, వాళ్లు తినేదాకా ఆగుతున్నట్టు దానికి వీపు ఆనించి ఇవతలే నిలబడింది.

ఎవరూ తల ఎత్తలేదు. ఎవరూ తినడం ఆపలేదు.